జేబులో విడి 18650 సెల్: కాలిన తొడ కేసు, దాని వెనకున్న కరెంటు లెక్క

పాతికేళ్లు దాటిన యువకుడు. రెండు సెల్స్ పట్టే బాక్స్ మాడ్‌తో, అంటే పెట్టె ఆకారపు ఈ-సిగరెట్‌తో, వేపింగ్ చేస్తాడు. ప్రమాదం జరిగినప్పుడు మాడ్ అతని దగ్గర లేదు. కుడి ప్యాంటు జేబులో ఉన్నవి రెండు విడి 18650 సెల్స్ (గొట్టం ఆకారపు లిథియం-అయాన్ బ్యాటరీలు), తాళంచెవుల గుత్తి, కొంత చిల్లర. నడుస్తుండగా తొడ చురుక్కుమంది. ఏమిటోనని జేబులో చెయ్యి పెట్టాడు, కానీ సెల్ పట్టుకోలేనంత వేడిగా ఉంది. మరుక్షణం బుస్సుమని చప్పుడు, తెల్లటి పొగ, వెంటనే మంట. ప్యాంటు విప్పేలోపు కుడి తొడ ముందు భాగం, కుడి అరచేయి కాలాయి. గాయం మొత్తం శరీర ఉపరితలంలో 6 శాతం: తొడ మీద 5, చేతి మీద 1.

ఈ రోగి ఏ ఒక్క మనిషీ కాదు. ఈ రకం ప్రమాదాల్లో మళ్లీ మళ్లీ కనబడే ఆనవాళ్లను కలిపి కూర్చిన నమూనా కేసు ఇది. కింద వచ్చే కరెంటు, వేడి లెక్కలు కూడా మామూలు సెల్‌కు సరిపోయే విలువలతో వేసినవే.

దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ‘ఈ-సిగరెట్ పేలింది’ అనగానే అందరూ నోట్లో పెట్టుకున్న పరికరాన్నే ఊహించుకుంటారు. అమెరికా అగ్నిమాపక పరిపాలన సంస్థ 2009 నుంచి 2016 దాకా వార్తల్లోకి వచ్చిన 195 ఘటనలను లెక్కగట్టింది. వాటిలో 61 జేబులో ఉన్న పరికరంతోనో విడి బ్యాటరీతోనో జరిగినవి. వాడుతుండగా జరిగినవి 60, చార్జింగ్‌లో ఉండగా 48. అంటే జేబు, నోరు దాదాపు సమానం. పరికరంలో ఎన్ని రక్షణ సర్క్యూట్లున్నా, సెల్ బయటికొచ్చిన క్షణం నుంచి అవేవీ దాని వెంట రావు. ఈ కేసుకు మూలం అదే.

మిగిలిన ముక్కల్లో దొరికింది

కాలిన సెల్ పైకొస తెరుచుకుపోయింది. లోపలి చుట్టలో సగం బయటికి తన్నుకొచ్చింది. రాగి రేకు పెళుసెక్కి చాలావరకు అలాగే ఉంది. అల్యూమినియం రేకు మాత్రం కరిగి చిన్న చిన్న పూసలైంది. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రాగి 1,085 దగ్గర కరుగుతాయి కాబట్టి లోపలి వేడి ఈ రెంటి మధ్యకు చేరిందని దీన్నిబట్టే చెప్పొచ్చు.

అసలు ఆధారం సెల్‌లో కాదు, తాళంచెవి మీద దొరికింది. ఒకే చెవి మీద రెండు చోట్ల లోహం కరిగి గుంటలు పడ్డాయి. ఒక గుంట సెల్ పాజిటివ్ టోపీకి, ఇంకోటి దాని పక్కనే ఉన్న డబ్బా అంచుకు సరిపోయాయి. రెండో సెల్ కాలలేదు కానీ దాని పైతొడుగు పాజిటివ్ కొస దగ్గర చిరిగి ఉంది, టోపీ చుట్టూ ఉండాల్సిన తెల్ల రింగు లేదు. రెండూ ఒకేసారి కొని, ఒకే మాడ్‌లో జంటగా వాడినవి. కాలిన సెల్ కూడా ఇదే స్థితిలో ఉందనుకోవడం న్యాయమే.

కాలిపోయిన సెల్‌ను మాత్రమే చూసి బయటి షార్టా, లోపలి షార్టా అని తేల్చేవాళ్ల మాట నమ్మడం కష్టం. లోపల అంత వేడి పుట్టాక మొదటి కారణం తాలూకు గుర్తులు చెరిగిపోతాయి. అందుకే తాళాలు, నాణేలు, గుడ్డ ముక్కలు కడగకుండా అలాగే దాచాలి. సెల్ శేషాలను పొడి ఇసుక వేసిన లోహపు డబ్బాలో, ఆరుబయట, మూత బిగించకుండా ఉంచాలి. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో వేస్తే మిగిలిన వాయువుకు అది ఉబ్బుతుంది, మళ్లీ అంటుకుంటే సంచి కూడా మండుతుంది.

చిరుగు పైకొస దగ్గరే ఎందుకు ప్రమాదం

18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గుండ్రటి గొట్టం. ఒక కొస పాజిటివ్, రెండో కొస నెగటివ్ కాబట్టి షార్ట్ కావాలంటే 65 మిల్లీమీటర్ల పొడవున ఏదో లోహం రెండు కొసలనూ తాకాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఉక్కు డబ్బా మొత్తం నెగటివే. డబ్బా అంచు పైకి వంగి పాజిటివ్ టోపీ చుట్టూ మడతపడి ఉంటుంది. టోపీకీ ఆ మడతకూ మధ్య ఉన్నది సన్నటి ప్లాస్టిక్ గాస్కెట్. దాని మీద కాగితపు రింగు, ఆ పైన పీవీసీ తొడుగు. తొడుగు అక్కడ చిరిగి, రింగు ఊడిపోతే పాజిటివ్‌కూ నెగటివ్‌కూ మధ్య దూరం రెండు మూడు మిల్లీమీటర్లే. తాళంచెవి అంచు ఒక్కటి చాలు. మాడ్‌లోంచి సెల్‌ను గోరుతో పైకి లాగే ప్రతిసారీ దెబ్బ తినేది ఈ చోటే. నడుములో చిరిగిన తొడుగు కంటే కొస దగ్గర చిన్న చీలిక ఎక్కువ ప్రమాదం.

లెక్క ఇలా ఉంటుంది. నిండుగా చార్జ్ అయిన సెల్ 4.2 వోల్టులు. ఎక్కువ కరెంటు ఇచ్చే రకం సెల్ అంతర్గత నిరోధం 25 మిల్లీ ఓమ్‌లు, తాళంచెవి తాకుడు 15 మిల్లీ ఓమ్‌లు అనుకుందాం. మొత్తం 40 మిల్లీ ఓమ్‌లు. 4.2ను 0.04తో భాగిస్తే 105 యాంపియర్లు. ఆ కరెంటుకు సెల్ లోపల పుట్టే వేడి సుమారు 275 వాట్లు, తాళంచెవి దగ్గర ఇంకో 165 వాట్లు. సెల్ బరువు 46 గ్రాములు, అది ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 45 జౌళ్లు చాలు. అంటే కాగితం మీద సెకనుకు 6 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. శరీరాన్ని తాకుతూ 33 డిగ్రీల దగ్గరున్న సెల్ సుమారు పావు నిమిషంలో 130కి చేరుతుంది.

నిజంలో ఇంత సాఫీగా సాగదు. అడుగు వేసినప్పుడల్లా తాళంచెవి కదులుతుంది, కరెంటు తెగి మళ్లీ కలుస్తుంది, సెల్ లోపలి అయాన్లు ఆ వేగాన్ని అందుకోలేక కరెంటు పడిపోతుంది. కొన్నిసార్లు చెవి సెల్‌కు అతుక్కుపోతుంది కూడా, అప్పుడు విడదీయడానికి వీలుండదు. ‘చురుక్కుమంది’ అన్న మాటకూ మంటకూ మధ్య ఉండే వ్యవధి అందుకే కేసుకో తీరుగా ఉంటుంది.

130 అంకెకు అర్థం ఉంది. 80 నుంచి 120 డిగ్రీల మధ్య నెగటివ్ ఎలక్ట్రోడ్‌లోని గ్రాఫైట్ మీది రక్షణ పొర విడిపోవడం మొదలవుతుంది, అది వేడిని విడుదల చేస్తుంది. 130 దాటాక రెండు ఎలక్ట్రోడ్లను విడదీసే పాలీఇథిలీన్ పొర, అంటే సెపరేటర్, కరుగుతుంది, 165 దగ్గర పాలీప్రొపిలీన్ కూడా. రెండు ఎలక్ట్రోడ్లు నేరుగా తగులుకుంటాయి. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం కాథోడ్ (పాజిటివ్ ఎలక్ట్రోడ్) 200 డిగ్రీల ప్రాంతంలో ఆక్సిజన్ వదులుతుంది, లోపలున్న కార్బనేట్ ద్రావకాలు మండుతాయి. ఇదే థర్మల్ రనవే. ఇక్కడికి వచ్చాక తాళంచెవి తీసేసినా ఆగదు. మంటకు కావలసిన ఆక్సిజన్ లోపలి నుంచే వస్తుంది కనుక గుడ్డ కప్పి మంటను ఊపిరాడకుండా చేద్దామన్నా కుదరదు.

మరి సెల్‌లో రక్షణ ఉండదా? కొన్నిట్లో వేడెక్కితే నిరోధం పెంచుకునే పీటీసీ బిళ్ల ఉంటుంది. లోపలి పీడనం పెరిగితే కరెంటు తెంచే సీఐడీ ఉంటుంది, ఆ తరవాత వాయువును వదిలే వెంట్ ఉంటుంది. పీటీసీ బిళ్ల నిరోధాన్ని పెంచుతుంది, వేపింగ్‌కు కావలసింది తక్కువ నిరోధం. అందుకే ఎక్కువ కరెంటు ఇచ్చే సెల్స్‌లో చాలావాటికి పీటీసీ ఉండదు. సీఐడీ పనిచేసేసరికి రసాయన చర్య తనంతట తాను సాగే స్థితికి చేరి ఉంటే అదీ అక్కరకు రాదు. ఈ సెల్స్ అసలు బ్యాటరీ ప్యాక్‌లలో, సర్క్యూట్‌తో కలిపి వాడటానికి తయారైనవి. విడిగా కొని వాడొద్దని అమెరికా వినియోగదారు ఉత్పత్తుల భద్రతా కమిషన్ 2021 జనవరిలో హెచ్చరించింది కూడా.

గాయం వైపు

ఇది మూడు గాయాలు కలిసిన గాయం: మంట, కరిగిన లోహం, రసాయనం. మొదటి రెంటినీ ఎవరైనా గుర్తిస్తారు. మూడోదాన్ని వదిలేస్తే వార్డుకొచ్చాక కూడా చర్మం లోతుకు కాలుతూ పోతుంది.

చార్జ్ అయిన గ్రాఫైట్‌లోని లిథియం తేమను తాకితే లిథియం హైడ్రాక్సైడ్ పుడుతుంది, అది గాఢమైన క్షారం. ఎలక్ట్రోలైట్‌లోని లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ తేమతో కలిస్తే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది, అది ఆమ్లం. ఏది ఎక్కువుందో కంటికి తెలియదు, పీహెచ్ కాగితం పెట్టాల్సిందే. ఈ కేసులో తొడ గాయం మీద కాగితం 10 దగ్గర, అంటే క్షారం వైపు, చూపించింది.

చేసిన పని వరుసగా చెప్పాలంటే, అంటుకున్న గుడ్డను పీకకుండా చుట్టూ కత్తిరించారు. నల్లటి తునకలను పొడి ఫోర్‌సెప్స్‌తో ఏరారు. ఆ తరవాతే నీళ్లు. ఈ క్రమం ముఖ్యం: తునకలు ఉండగానే కొద్దిగా తడిపితే క్షారం పుట్టడమే తప్ప కొట్టుకుపోవడం ఉండదు. నీరు చల్లకూడదు, ధారగా పారాలి. అరగంట కడిగి, పీహెచ్ 7 దగ్గరకు వచ్చాక ఆపి, 15 నిమిషాలాగి మళ్లీ చూశారు. 8.5కు ఎక్కింది. లోతులో ఉన్న క్షారం పైకి వస్తోందన్న మాట. మళ్లీ కడిగారు. రెండోసారి 7 దగ్గరే నిలిచింది.

నీళ్లు వద్దు, మినరల్ ఆయిలే పోయాలన్న అభిప్రాయం కొందరు వైద్యుల్లో ఉంది. లిథియం లోహం నీటితో తీవ్రంగా చర్య జరుపుతుందన్నది దానికి ఆధారం. లిథియం-అయాన్ సెల్‌లో లోహం ముద్దగా ఉండదు, గ్రాఫైట్ పొరల్లో ఇమిడి ఉంటుంది. తునకలు ఏరాక ధారాళంగా నీరు పారిస్తే వచ్చే మేలు ఎక్కువన్నదే మా మొగ్గు. ఇంటి దగ్గరైతే ఈ చర్చకు తావే లేదు. మండుతున్న బట్ట తీసేసి, 20 నిమిషాలు కుళాయి నీటి కింద పెట్టాలి. మంచు, టూత్‌పేస్టు, నూనె ఏవీ వద్దు. కాలిన 3 గంటల్లోపు ఎప్పుడు చల్లబరిచినా ప్రయోజనం ఉంటుంది.

గాయం సైజుకు మించిన నొప్పి ఉంటే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను అనుమానించి 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాయాలి, రక్తంలో కాల్షియం చూడాలి, ఈసీజీ తీయాలి. ఈ రోగికి ఆ అవసరం రాలేదు. 6 శాతమే కాబట్టి సెలైన్ లెక్కలూ అక్కర్లేదు, నోటితో ద్రవాలు సరిపోయాయి. టెటనస్ టీకా వేశారు. జేబులో పేలిన ప్రతి కేసులోనూ జననాంగాలు, గజ్జలు విడిగా పరీక్షించాలి. రోగి సిగ్గుపడి చెప్పడు, తొడ నొప్పిలో అది మరుగున పడుతుంది. ఆ భాగాలు, అరచేయి కాలితే శాతంతో పని లేకుండా కాలిన గాయాల కేంద్రానికి పంపాలి.

తొడ మధ్య భాగం పూర్తి మందం కాలింది, చుట్టూ లోతైన పాక్షిక గాయం. 3 వారాల్లో దానంతట మానదనిపించిన మధ్య భాగాన్ని కోసి, ఎడమ తొడ నుంచి పలుచటి చర్మం తీసి గ్రాఫ్ట్ వేశారు. అరచేయి డ్రెస్సింగ్‌తో, వేళ్లు బిగుసుకోకుండా వ్యాయామంతో మానింది. ఇక్కడ రోగితో గట్టిగా మాట్లాడాల్సిన విషయం నికోటిన్. ‘పొగ లేదు కదా’ అని వార్డు బయటికెళ్లి వేపింగ్ చేసే రోగులుంటారు. చిన్న రక్తనాళాలను కుదించేది నికోటినే, అది పొగలో వచ్చినా ఆవిరిలో వచ్చినా గ్రాఫ్ట్‌కు ఒకటే. ఆపరేషన్‌కు ముందూ, గ్రాఫ్ట్ పట్టేదాకా నికోటిన్ పూర్తిగా ఆపించాలి.

మాడ్ లోపల జరిగితే

నోటి దగ్గర పేలితే గాయం తీరు మారుతుంది: పళ్లు, దవడ, కన్ను, మెడ. గొట్టం ఆకారపు పరికరంలో గోడల కంటే కొసలే బలహీనం, అందుకని పీడనమంతా ఒక దిక్కుకే పోతుంది. అమెరికాలో 2018లో ఫ్లోరిడాలో, 2019లో టెక్సాస్‌లో ఒక్కొక్కరు ఇలా పేలిన పరికరం వల్ల చనిపోయారు.

సర్క్యూట్ లేని మెకానికల్ మాడ్‌లో కరెంటును నిర్ణయించేది, ద్రవాన్ని వేడిచేసే కాయిల్ నిరోధం ఒక్కటే. 0.5 ఓమ్ కాయిల్‌కు 4.2 వోల్టుల దగ్గర 8.4 యాంపియర్లు. 0.15 ఓమ్‌కు 28 యాంపియర్లు. సెల్ నిరంతరం ఇవ్వగల కరెంటు 20 యాంపియర్లు అయితే రెండోది హద్దు దాటినట్టే. లేబుల్ మీది పెద్ద అంకె చాలాసార్లు కొన్ని సెకన్లకు మాత్రమే చెల్లే పల్స్ అంకె, లెక్కకు తీసుకోవాల్సింది నిరంతర అంకె. ఇంకో చావుదెబ్బ హైబ్రిడ్ టాప్ ఉన్న మాడ్‌లలో, అంటే ఆవిరి పుట్టించే భాగమైన ఆటమైజర్ నేరుగా సెల్‌ను తాకే రకంలో, ఉంటుంది. ఆటమైజర్‌ను బిగించే మర (510 అనే ప్రామాణిక రకం) మధ్య పిన్ను బయటికి పొడుచుకురాకపోతే సెల్ టోపీని పిన్నుకు బదులు మర అంచు తాకుతుంది. మీట నొక్కగానే నేరుగా షార్ట్. ఇలాంటి మాడ్‌ను కొత్తవాళ్ల చేతికివ్వడం ఏ రకంగానూ సమర్థించలేం.

వాడిపారేసే రకాల్లో సెల్ చిన్నదే అయినా రసాయనం అదే. పీల్పును పసిగట్టే సెన్సర్‌లోకి ద్రవం కారితే ఎవరూ పీల్చకుండానే కాయిల్ వేడెక్కుతూ ఉండొచ్చు. చెత్తబండిలో నలిగినప్పుడు మంటలు రేగేదీ వీటితోనే.

డిశ్చార్జ్ రోజు ఇచ్చిన సూచనలు

విడి సెల్ ఎప్పుడూ ప్లాస్టిక్ పెట్టెలోనే ఉండాలి. సిలికాన్ తొడుగైనా పరవాలేదు, కొసలు కప్పి ఉంటే చాలు. పెట్టెలో ఉన్నా తాళాల జేబులో వద్దు. సెల్ తీసిన ప్రతిసారీ పైకొస చూడాలి. తొడుగు చిరిగితే, డబ్బా నొక్కుకుపోకుండా ఉంటేనే తొడుగు మార్చాలి. పాతదాన్ని కత్తితో కాక ప్లాస్టిక్ ముక్కతో ఒలవాలి. టోపీ చుట్టూ కొత్త రింగు పెట్టి, చదునుగా 30 మిల్లీమీటర్ల వెడల్పుండే పీవీసీ గొట్టం తొడిగి, హెయిర్ డ్రయర్‌తో సెల్‌ను తిప్పుతూ కొద్ది సెకన్లు వేడి చేస్తే అతుక్కుంటుంది. కొవ్వొత్తి, లైటర్ పనికిరావు. సొట్ట పడిన సెల్‌కు కొత్త తొడుగు వేయడం అంటే లోపాన్ని కప్పిపెట్టడమే, దాన్ని వదిలేయాలి.

రెండు సెల్స్ పట్టే మాడ్‌కు ఒకే రకం, ఒకేసారి కొన్న జంట కావాలి. ఎప్పుడూ కలిపే చార్జ్ చేసి, కలిపే వాడాలి. ఒకటి నీరసిస్తే రెండోది దాన్ని హద్దుకు కిందికి లాగుతుంది. 2.5 వోల్టుల కంటే కిందికి పడిన సెల్‌ను తిరిగి బతికించే ప్రయత్నం వద్దు. వోల్టేజి మరీ పడిపోతే రాగి రేకు కరిగి, చార్జ్ చేసినప్పుడు లోపల పేరుకుని సెపరేటర్‌ను పొడవొచ్చు. చార్జింగ్ 4.2 వోల్టుల దగ్గర ఆగాలి, 3,000 మిల్లీ యాంపియర్ అవర్ సెల్‌కు 1 నుంచి 1.5 యాంపియర్లు చాలు. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న సెల్‌ను చార్జ్ చేయొద్దు. మంచం, సోఫా మీద వద్దు, నిద్రపోతూ వద్దు.

కొనేటప్పుడు లేబుల్ కంటే బరువును నమ్మొచ్చు. అసలైన ఎక్కువ కరెంటు 18650 సుమారు 43 నుంచి 48 గ్రాములుంటుంది. దాని మీద 5,000, 9,900 మిల్లీ యాంపియర్ అవర్ అని రాసి ఉంటే అది అబద్ధం, ఆ డబ్బాలో అంత పట్టదు. అబద్ధపు సామర్థ్యం రాసినవాడు కరెంటు హద్దు నిజం రాస్తాడని ఆశించలేం.

విమానంలో విడి సెల్స్, పరికరం రెండూ చేతిసామానులోనే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లోనే చెక్‌ఇన్ లగేజీలో ఈ-సిగరెట్లను నిషేధించింది. విమానంలో చార్జ్ చేయడమూ కుదరదు.

సెల్ వేడెక్కుతూ బుసకొడితే చేత్తో పట్టుకోకూడదు. వీలుంటే లోహపు పట్టకారుతో బయటికి తోసి, దూరం నుంచి నీళ్లు పోయాలి. చిన్న లిథియం-అయాన్ సెల్‌కు నీరే మంచి మందు, చల్లబరిచేది అదే. లోహపు మంటలకు వాడే పొడి ఇక్కడ అక్కర్లేదు. మంట ఆరాక మళ్లీ అంటుకునే వీలుంది కనుక గంటల తరబడి ఆరుబయటే ఉంచాలి, గది కిటికీలు తెరిచి బయటికి వెళ్లిపోవాలి.

కాలని రెండో సెల్ మీటర్‌లో 4.1 వోల్టులు చూపించింది. రోగి దాన్ని తిరిగి అడిగాడు, ఇవ్వలేదు. పక్కనే వందల డిగ్రీల వేడి తగిలిన సెల్‌లో సెపరేటర్ ఎక్కడ సడలిందో వోల్టేజి చెప్పలేదు. దాన్ని ఆరుబయట చిన్న కరెంటుతో, మనిషి దగ్గర ఉండి, 3 వోల్టుల దాకా ఖాళీ చేసి, రెండు కొసలకూ టేపు వేసి, మామూలు చెత్తలో కలపకుండా బ్యాటరీ రీసైక్లింగ్‌కు పంపారు.